మా వెండి దోనె జాతకం

మా ఇంట్లో ఒక వెండి వస్తువు ఉంది. చెంచా అందామా అంటే చెంచా కాదు, గరిటె అంతకన్నా కాదు. జానెడు పొడుగున సన్నటి కాడ, దానికి రెండు కొసలా రెండు కాలువలు. ఒకటి వేలెడు వెడల్పు, రెండోది అందులో సగం. చూడ్డానికి తాటి దోనెలా ఉంటుందని కాబోలు, మా మామ్మ దాన్ని "వెండి దోనె" అనేది. మామ్మ అన్నాక ఇంక ఇంట్లో దానికి వేరే పేరెక్కడిది!

మా నాన్నతో మొదలుపెట్టి మా తరంలో ఆఖరివాడైన మా తమ్ముడి దాకా, మా ఇంట్లో పుట్టిన ప్రతి బిడ్డకీ మొదటి ఉగ్గు పెట్టింది దానితోనే. సన్న కాలువ నింపి, కొస బిడ్డ పెదవుల మధ్య ఆనించి కొంచెం వాలిస్తే చాలు, చుక్క తరవాత చుక్క జారేది. ఒక్క బొట్టు కూడా గడ్డం మీదికి కారేది కాదు. పసిపిల్లలు లేని రోజుల్లో అది దేవుడి అరలో ఉండేది. పండగ పూట భరిణెలోంచి కుంకుమ తియ్యడానికి వెడల్పు కొస పనికొచ్చేది.

అది మా ఇంటికి వచ్చిన కథ మాత్రం అందరికీ తెలుసు. మా తాతయ్య కాకినాడలో ఒక తెల్లవాళ్ళ వర్తక కంపెనీలో గుమాస్తా. 1947లో ఆ కంపెనీ దొర ఒకాయన స్వదేశం వెళ్ళిపోతూ బంగళాలోని సామానంతా వేలం వేయించాడట. ఉన్నవాళ్ళు బీరువాలూ సోఫాలూ పాడుకుంటే, మా తాతయ్య జేబుకి అందింది ఈ ఒక్కటే. ఆ తరవాత ఎప్పుడో పాత్రల మీద పేర్లు కొట్టేవాణ్ణి పిలిచి, మామ్మ దాని కాడ మీద తన పేరులోని మొదటి అక్షరం చుక్కలు చుక్కలుగా కొట్టించుకుంది. "సీ" అని. ఆవిడకి చదువు రాదు. బ్యాంకులో వేలిముద్ర వేసేది. కానీ ఆ అక్షరం మీద బొటనవేలు ఆనించి, "ఇది నాదే" అని చీకట్లో కూడా చెప్పగలిగేది.

బి.ఏ.లో చరిత్ర చదివినదాన్ని, పాతిక నవలలు రాసినదాన్ని, నలభై ఏళ్ళు దాటేదాకా నా ఇంట్లో ఉన్న ఈ వస్తువు చరిత్ర ఏమిటని ఒక్కసారీ అడగలేదంటే నమ్ముతారా? మనకి శ్రీకృష్ణదేవరాయలు ఏ యేడు పట్టాభిషేకం చేసుకున్నాడో తెలుస్తుంది గాని, మన దేవుడి అరలో ఏముందో తెలియదు.

2022లో ఆ కాడ కాస్త వంగింది. సరిచేయిద్దామని మా వీధి చివర ఆచారిగారి కొట్టుకి తీసుకెళ్ళాను. ఆయన దాన్ని అరచేతిలో ఆడించి, గీటురాయి మీద చిన్న గీత గీసి, కంటికి భూతద్దం తగిలించుకుని చాలాసేపు చూశారు.

"ఇది మన సరుకు కాదమ్మా. ఇంగ్లీషు వెండి. నూటికి ఏడెనిమిది పాళ్ళు రాగి కలిసుంటుంది. అంతకన్నా మేలిమిదైతే ఇంత సన్నటి కాడ నిలవదు" అన్నారు. ఆ తరవాత వెడల్పు కొస చూపించి, "ఇదిగో, ఇక్కడ నీలంగా నీడ ఉంది చూశారూ? దీన్ని ఎవరో నిప్పుల్లో వేశారు. కాలిస్తే లోపలి రాగి మాడి ఇట్లా మచ్చ తేలుతుంది. మీరు చింతపండుతో ఎంత తోమినా పోదు. మీ ఇంట్లో ఎప్పుడైనా అగ్నిప్రమాదం జరిగిందా?" అని అడిగారు.

లేదన్నాను. నాకు తెలిసినంతలో అలాంటిదేమీ లేదు.

ఆయన కాడ వెనక వైపు దీపం మసి కొంచెం పట్టించి, గుడ్డతో మెల్లగా తుడిచి, భూతద్దం నా చేతికిచ్చారు. పల్లాల్లో మసి నిలిచిపోయి, అంతవరకూ గీతలనుకున్నవి బొమ్మలై కూర్చున్నాయి. వరసగా అయిదు. ఆవగింజకి కాస్త పెద్దవి, అంతే. నడుస్తున్న సింహం ఒకటి, పాపం, దాని వీపు మా అమ్మ చింతపండుకి సగం అరిగిపోయింది. కిరీటం పెట్టుకున్న చిరుతపులి తల ఒకటి. ఒక మనిషి తల. ఒక ఇంగ్లీషు చిన్నక్షరం. చివర గొలుసుకట్టు రాతలో హెచ్, బి అనే రెండక్షరాలు.

"ఇదంతా దాని జాతకమమ్మా. చదివేవాళ్ళుంటే చదువుతారు" అన్నారు ఆచారిగారు.

ఆయన ఊరికే అన్నారో, తెలిసే అన్నారో గాని, అక్షరాలా నిజం. లండన్‌లో ఉన్న తమ్ముడికి రాస్తే, ఇంగ్లీషు వెండి ముద్రల మీద జేబులో పట్టేంత చిన్న పుస్తకం పంపించాడు. షెఫీల్డు ఊరివాడు బ్రాడ్‌బరీ అనే ఆయన పేరుతో ఎన్నో ఏళ్ళుగా అచ్చవుతున్నది. అది పక్కన పెట్టుకుని, పంచాంగం ముందు కూర్చున్న పురోహితుడిలా, మా దోనె జాతకం చూడటం మొదలుపెట్టాను.

మొదట సింహం. కుడికాలు ఎత్తి నడిచే ఆ సింహం 1544 నుంచి ఇంగ్లండులో స్టెర్లింగ్ వెండికి గుర్తు. స్టెర్లింగ్ అంటే వెయ్యి పాళ్ళలో 925 పాళ్ళు వెండి, మిగతాది సాధారణంగా రాగి. సింహం లేకుండా ఇంగ్లీషు అక్షరాలు మాత్రమే గొప్పగా కొట్టి ఉంటే జాగ్రత్తపడాలి. ముఖ్యంగా ఇ.పి.ఎన్.ఎస్. అని ఉంటే అది వెండే కాదు, నికెల్ కలిసిన తెల్ల లోహానికి పైన వెండి పూత. 1840లో ఎల్కింగ్‌టన్ అనేవాళ్ళు ఆ విద్యుత్తు పూతకి పేటెంటు తీసుకున్న తరవాత అలాంటివి లక్షల్లో వచ్చాయి. "మా తాతగారి నాటి వెండి" అని మనం మురిసిపోయే సామానులో చాలామటుకు ఇదే.

రెండోది చిరుతపులి తల. అది ఊరి పేరు, లండన్. ఎడింబరోకి కోట, బర్మింగ్‌హాముకి ఓడ లంగరు, అప్పటి షెఫీల్డుకి కిరీటం. బర్మింగ్‌హాములో సముద్రమే లేదు, లంగరెక్కడిదంటారా? ఆ రెండు ఊళ్ళకీ వెండి పరీక్షించే హక్కు 1773లో ఒకేసారి వచ్చింది. ఆ హక్కు కోసం లండన్ వెళ్ళిన పెద్దలు "కిరీటమూ లంగరూ" అనే పేరుగల సత్రంలో కలుసుకునేవారనీ, అందుకే చెరొకటీ పంచుకున్నారనీ ఒక కథ చెబుతారు. మన ఊళ్ళ పేర్ల వెనక స్థలపురాణాలు లేవూ, అలాంటిదే.

చిరుతపులి అన్నిటికన్నా పాతది. 1300లో మొదటి ఎడ్వర్డు రాజు చట్టం చేశాడు, ఈ తల ముద్ర పడనిదే వెండి సామాను అమ్మకూడదని. 1478లో లండన్ కంసాలుల సంఘం తమ భవనంలోనే, అంటే గోల్డ్‌స్మిత్స్ హాల్లోనే, పరీక్షకి మనిషిని పెట్టింది. హాల్లో వేసే మార్కు గనక హాల్‌మార్క్ అయింది. ఇప్పుడు మనం నగల కొట్లో "హాల్‌మార్క్ ఉందా?" అని అడుగుతున్నామే, ఆ మాట పుట్టిల్లు అదన్నమాట. మన దేశంలో బంగారానికి ఆ ముద్ర 2000లోనూ, వెండికి 2005లోనూ మొదలైంది. వాళ్ళకి అప్పటికే ఏడువందల ఏళ్ళ అలవాటు!

ఆ పరీక్ష ఎలా చేసేవారో చదివి ఆశ్చర్యపోయాను. వస్తువు మీదనుంచి కొంచెం వెండి గీరి, తూకం వేసి, సీసంతో కలిపి చిన్న మూసలో పెట్టి కొలిమిలో కరిగించేవారు. సీసంతో పాటు రాగి కూడా ఆ మూసలోకి ఇంకిపోయి, అచ్చమైన వెండి గింజ మాత్రం మెరుస్తూ మిగిలేది. దాన్ని మళ్ళీ తూచి, తగ్గినదాన్నిబట్టి కల్తీ ఎంతో చెప్పేవారు. ఆ మూస దేనితో చేస్తారంటే, ఎముకల బూడిదతో. ఈ ముక్క గుర్తుంచుకోండి, దీనితో తరవాత పని ఉంది.

మూడోది మనిషి తల. ఆయన మూడో జార్జి. అమెరికాలో యుద్ధం చేసి, ఓడి, అప్పులపాలయ్యాక, 1784 డిసెంబరు నుంచి వెండి మీద కొత్తగా పన్ను వేశారు. పన్ను ముట్టిందనడానికి గుర్తుగా రాజుగారి తల. 1890లో ఆ పన్ను ఎత్తేసేదాకా ఏ రాజుంటే ఆ రాజు తల పడేది. అమెరికా చేజారిన పాపానికి మా కుంకుమ చెంచా మీద జార్జి రాజు మొహం వెలిసిందని తెలిసి నాకు నవ్వాగలేదు. కాబట్టి మా దోనె 1784కి ముందు పుట్టలేదు, 1890 తరవాతా పుట్టలేదు. మొదట్లో ఆ తల లోపలికి గుంటలా దిగి ఉండేదట, 1786 నుంచి పైకి ఉబ్బి ఉంటుంది. మాది ఉబ్బిన తల.

నాలుగోది అక్షరం, ఎమ్. ఇది సంవత్సరం. లండన్ వాళ్ళు ఏడాదికొక అక్షరం చొప్పున ఇరవై అక్షరాలు వాడి, మళ్ళీ మొదటికి వచ్చేవారు. మనకి ప్రభవ, విభవ అని అరవై ఉన్నట్టు వాళ్ళకి ఇరవై. చుట్టు తిరిగినప్పుడల్లా అక్షరం వాటమూ, దాని చుట్టూ ఉండే డాలు ఆకారమూ మార్చేవారు. పెద్దక్షరమా, చిన్నక్షరమా, నల్లరాతలా ముక్కులున్నదా అని చూసుకోకుండా గబుక్కున లెక్క కడితే ఇరవై ఏళ్ళో, నలభై ఏళ్ళో తప్పిపోతాం. మాది మామూలు అచ్చులో చిన్నక్షరం. 1776లో "ఎ"తో మొదలైన చుట్టు. ఐ, జె లకి ఇద్దరికీ కలిపి ఒకటే చోటు. వేళ్ళు మడిచి లెక్కపెడితే ఎమ్ అంటే 1787. వాళ్ళ ఏడాది మే నెలలో మారేది గనక, 1787 మే నుంచి 1788 మే లోపల ఎప్పుడో అది ఆ హాల్లో ముద్ర వేయించుకుంది. అప్పటికి కాకినాడ చుట్టుపక్కలంతా కుంపిణీ వాళ్ళ చేతిలో ఉంది గాని, గుంటూరు సర్కారు ఇంకా నిజాం కిందే ఉంది. అది కంపెనీకి దక్కింది 1788లో.

ఊరు తెలిసింది, పన్ను తెలిసింది, పుట్టిన యేడు తెలిసింది. ఇక తెలియాల్సింది తల్లిదండ్రులు. తండ్రి కాదు, తల్లేనని తేలింది.

ఆ గొలుసుకట్టు హెచ్.బి. ఎవరో కాదు, హెస్టర్ బేట్‌మన్. లండన్‌లో బన్‌హిల్ రో అనే వీధిలో ఉండేది. భర్త జాన్ బంగారు గొలుసులు చేసే పనివాడు. 1760లో ఆయన చనిపోతూ తన పనిముట్లన్నీ భార్యకి రాసిపోయాడు. అప్పటికి ఆమెకి యాభై దాటింది. పెద్ద సంసారం. మరుసటేడు, 1761 ఏప్రిల్లో, ఆమె గోల్డ్‌స్మిత్స్ హాలుకి వెళ్ళి తన పేర ముద్ర నమోదు చేయించుకుంది. చదువు రాని మనిషనీ, రిజిస్టరులో సంతకం చెయ్యలేకపోయిందనీ ఆమె చరిత్ర రాసినవాళ్ళు చెబుతారు. అక్షరాలు రాని మనిషికి అంత అందమైన గొలుసుకట్టు అక్షరాల ముద్ర! నేను భూతద్దం కింద పెట్టేసి కాసేపు ఊరుకున్నాను. మా మామ్మ బొటనవేలూ, దాని కింద ఆ "సీ" అక్షరమూ కళ్ళ ముందు కదిలాయి.

మొదట్లో ఆమె చాలావరకు ఇతర దుకాణాలకి పని చేసి పెట్టేది. 1774 నాటినుంచి ఆమె సొంత ముద్రతో సరుకు విరివిగా కనబడుతుంది. చెంచాలు, పంచదార పటకార్లు, టీ పాత్రలు. పల్చటి రేకు వాడి, యంత్రాల సాయం తీసుకుని, మధ్య తరగతి వాళ్ళు కూడా కొనగలిగే ధరకి ఇచ్చింది. అంచుల చుట్టూ సన్నటి పూసల వరస ఆమె పనితనానికి గుర్తంటారు. 1790లో పని చాలించి కొడుకులకి అప్పగించింది. మరుసటేడు కొడుకు జోనథన్ పోతే, అతని భార్య ఆన్, భర్త సోదరుడు పీటర్‌తో కలిసి తన అక్షరాలతో ముద్ర పెట్టించుకుంది. అత్త దారే కోడలి దారి. హెస్టర్ 1794లో పోయింది. వాషింగ్టన్‌లో స్త్రీల కళాకృతుల కోసమే ఉన్న మ్యూజియంలో ఇప్పుడామె వెండి సామాను అద్దాల వెనక ఉంది.

ఇక్కడ ఒక మెలిక ఉంది. హెచ్.బి. అని ముద్ర ఉన్నంతమాత్రాన ఆ వస్తువుని ఆవిడే కూర్చుని సుత్తితో కొట్టిందని కాదు. ఇంట్లో కొడుకులు, పనివాళ్ళు, ఎందరో ఉండేవారు. ఆ ముద్రకి అర్థం ఏమిటంటే, "ఈ వెండికి పూచీ నాది" అని. రేపు కల్తీ అని తేలితే పట్టుకోవలసింది ఆ పేరుగలవాళ్ళని. అప్పటి చట్టాలు తమాషావి కావు. దొంగ ముద్ర వేసినవాడికి ఉరిశిక్ష కూడా ఆ శతాబ్దంలో ఉండేది. అలాంటి రోజుల్లో రాతా, సంతకమూ రాని విధవరాలు, "పూచీ నాది" అని నిలబడింది.

జాతకం అంతా బాగానే ఉంది. మరి ఈ వస్తువు దేనికి? దాని మీద ఉన్న అయిదు ముద్రల్లో ఒక్కటీ ఆ సంగతి చెప్పదు. ఎవరు, ఎక్కడ, ఎప్పుడు, ఎంత మేలిమి, పన్ను కట్టారా లేదా, అన్నీ చెబుతుంది. ఎందుకు అన్నది మాత్రం చెప్పదు.

ఆ కాలం ఇంగ్లీషువాళ్ళ భోజనాల బల్ల ఒక మహారణ్యం. టీ ఆకు డబ్బాలోంచి తీసుకోవడానికి పొట్టి చెంచా ఒకటి. టీలో తేలే ఆకు ముక్కల్ని ఎత్తడానికి చిల్లుల చెంచా, దాని కాడ చివర సూదిమొన. ఆ మొన టీ పాత్ర ముక్కులో అడ్డుపడ్డ ఆకు తియ్యడానికట. ఉప్పు చెంచాకీ, గుడ్డు చెంచాకీ లోపల బంగారు పూత ఉంటుంది. షోకు కోసం కాదు, ఉప్పు వెండిని తినేస్తుంది, గుడ్డులోని గంధకం నల్లబరుస్తుంది. చేపలకీ పళ్ళకీ వెండి కత్తులెందుకంటే, అప్పటి ఉక్కుకి పులుపు తగిలితే రుచి చెడేది. తుప్పు పట్టని ఉక్కు షెఫీల్డులో 1913లో గాని రాలేదు. మన ఇత్తడి గిన్నెల్లో చారు కాచేముందు కళాయి పెట్టించేవాళ్ళం కాదూ, ఆ తెలివే ఇదీనూ.

మనల్ని చూసి వాళ్ళు నవ్వక్కర్లేదు, వాళ్ళని చూసి మనమూ నవ్వక్కర్లేదు. పప్పుగుత్తితో అట్టు తిరగేస్తే అమ్మ ఊరుకుంటుందా? మన చిల్లుల గరిటె ఒక దొర చేతికిస్తే గోడకి తగిలించి అలంకారం అంటాడు.

పైగా పనులు మారిపోతుంటాయి కూడా. పద్దెనిమిదో శతాబ్దంలో చేసిన సాదా చెంచాలని, విక్టోరియా రాణి కాలంలో గిన్నె భాగంలో పళ్ళూ ఆకులూ తేలేలా కొట్టించి, పళ్ళు వడ్డించే చెంచాలుగా మార్చేశారు. ముద్ర చూస్తే 1780, పని చూస్తే 1880. కాబట్టి వెండి సామాను తెలిసినవాళ్ళు ముద్రని ఒక కంటితోనూ, ఆకారాన్ని ఇంకో కంటితోనూ చూడాలంటారు.

మా వాళ్ళు రెండు కళ్ళూ మూసుకుని ఊహలు చేశారు. దొరసాని మొహానికి పౌడరద్దుకునేదని మా మేనత్త. మందు కొలిచేదని తమ్ముడు. ఉత్తరాలకి లక్క పోసేదని నేను. అమ్మని అడిగితే, "ఏదైతేనేం, మనకి ఉగ్గు పెట్టుకోడానికి" అని లేచి వెళ్ళిపోయింది. ఎందుకో ఆ మాట దగ్గర అమ్మ మొహం నా వైపు తిప్పలేదని తరవాత గుర్తొచ్చింది.

2023లో తమ్ముడి దగ్గరికి లండన్ వెళ్ళాను. అక్కడ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో వెండి సామానుకి ప్రత్యేకంగా పెద్ద పెద్ద గదులున్నాయి. ఒక అద్దాల పెట్టె ముందు నా కాళ్ళు ఆగిపోయాయి. మా దోనె! అచ్చం అదే. జానెడు కాడ, రెండు కొసలా రెండు కాలువలు. కాకినాడలో మా దేవుడి అరలోంచి ఎవరో తెచ్చి పెట్టినట్టుంది. ఆత్రంగా కింద కాగితం చదివాను.

ఎముకల్లోంచి మూలుగ తోడుకునేది.

పశువుల కాలి ఎముకలు కాల్చి, వేడివేడిగా బల్ల మీద పెట్టేవారట. లోపలి మూలుగ వాళ్ళకి అపురూపమైన వంటకం. ఎముక నోట పట్టుకుని పీల్చడం మర్యాద కాదు గనక, ఈ పనిముట్టు. లావు ఎముకకి వెడల్పు కొస, సన్న ఎముకకి సన్న కొస. పదిహేడో శతాబ్దం చివరినుంచి ఉన్నదట ఈ వాడుక.

వీరశాకాహారులం మేము. కోడిగుడ్డు ఉన్న బిస్కట్టు మా మామ్మ గడప దాటనిచ్చేది కాదు. ఆ మామ్మ చేత్తో, ఈ దోనెతో, నాకూ నా ముందు తరానికీ తొలి ఉగ్గు. ఆ పక్కనే అమ్మవారి కుంకుమ. నేను అద్దాల పెట్టెని పట్టుకుని నిలబడితే, తమ్ముడు "ఏంటక్కా, నీరసమా?" అని అడిగాడు. ఏమీ లేదన్నాను. చూసిన సంగతి వాడికి చెప్పలేదు. ఇంటికొచ్చి అమ్మకీ చెప్పలేదు. డెబ్బై దాటిన మనిషికి, ఇన్నేళ్ళూ నువ్వు పూజలో పెట్టుకున్నది ఇదీ అని ఏ నోటితో చెప్పను? చరిత్ర తెలుసుకోవడం మంచిదని ఎన్ని వేదికల మీద ఉపన్యాసాలిచ్చానో! తెలుసుకున్నాక ఏం చెయ్యాలో ఎవరూ చెప్పలేదు.

అలా ఏడాది గడిచింది. మా తమ్ముడికి పెళ్ళయిన పదకొండేళ్ళకి ఆడపిల్ల పుట్టింది. అన్నప్రాశన మన ఊళ్ళోనే చెయ్యాలని ఏడో నెలలో పిల్లనెత్తుకుని వచ్చారు. పసివాళ్ళకి తేనె వద్దని ఈ కాలం డాక్టర్లంటున్నారు గనక ఉగ్గు మాట లేదు. పాయసమైనా దోనెతోనే నాకించాలని మా మరదలి ముచ్చట. "అత్తయ్యగారూ, మీ అబ్బాయికి పెట్టినదీ దానితోనేటగా?" అంటూ ముందురోజు సాయంత్రమే అడిగింది.

ఆ రాత్రి అమ్మ వంటింట్లో కూర్చుని దోనె తోముతూంటే, పక్కన కూర్చున్నాను. ఇంక దాచుకోలేకపోయాను.

"అమ్మా, అది దేనికి చేశారో నాకు తెలిసింది" అన్నాను.

అమ్మ చెయ్యి ఆగలేదు. "ఎముకల్లో మూలుగ తియ్యడానికి. అంతేనా?" అంది.

నాకు నోట మాట రాలేదు.

"నీకు రెండేళ్ళ కిందట తెలిసింది. నాకు నువ్వు పుట్టిన పదకొండో రోజున తెలిసింది" అని, చెయ్యి కడుక్కుని చెప్పడం మొదలుపెట్టింది.

వేలంలో కొన్ననాడే బంగళాలోని వంటవాడు తాతయ్యకి చెప్పేశాడట, అది దేనికో. కరిగించి ఏదైనా చేయిద్దామని తెచ్చుకున్న తాతయ్య ఇంటికొచ్చి నిజం చెప్పాడు. మామ్మ దాన్ని గడప లోపలికి రానివ్వలేదు. ఏడాది పాటు అది వీధి అరుగు మీద చూరులో దోపి ఉంది. అప్పటికే మామ్మకి ఇద్దరు పిల్లలు పుట్టి పోయారు. 1948లో మా నాన్న ఎనిమిదో నెలలో పుట్టాడు. గుప్పెడు పిల్లాడు. రొమ్ము పట్టే సత్తువ లేదు. దూదివత్తి ముంచి పెడితే చప్పరించలేడు. ఉగ్గుగిన్నెతో పోస్తే పొలమారుతోంది. రెండు రోజులు చూసింది మామ్మ. మూడో రోజు తెల్లవారుజామున, పురిటి మంచం మీంచి తనే లేచి వెళ్ళి, చూరులోంచి ఆ దోనె లాగింది. కుంపట్లో నిప్పులు రాజేసి, అందులో దోపింది. ఎర్రగా కాలేదాకా చూసి, తీసి, చింతపండుతో తోమి, తన పాలు పిండి, సన్న కొసతో చుక్క చుక్కగా పిల్లాడి నోట్లో వేసింది. పొలమారలేదు. మింగాడు.

తాతయ్య గుమ్మంలో నిలబడి ఏదో అనబోయాడట. "పాపమేదైనా ఉంటే పూచీ నాది. మీరు అవతలికి వెళ్ళండి" అందట మామ్మ.

నాన్న కోలుకున్నాక, పేర్లు కొట్టేవాణ్ణి పిలిపించి, ఆ అక్షరం కొట్టించింది.

ఆచారిగారు చూపించిన నీలం నీడ నా కళ్ళ ముందు మెదిలింది. అయిదు ముద్రలూ చదివాననుకున్నాను గాని, ఆరోదీ ఏడోదీ చదవలేకపోయాను. ఒకటి మామ్మ నిప్పుల్లో వేసిన ముద్ర. ఇంకొకటి మామ్మ పూచీ పడ్డ ముద్ర. ఆవిడకి ఇంగ్లండులో వెండిని ఎలా పరీక్షిస్తారో తెలియదు. ఎముకల బూడిద మూసలో, నిప్పుల మధ్య, మలినం పోయి వెండి గింజ మిగిలే సంగతి ఆవిడెప్పుడూ వినలేదు. అయినా ఎముకని తాకిన ఆ వస్తువుని నిప్పుకే అప్పగించింది.

"నీకెందుకు చెప్పింది మరి?" అని అడిగాను.

"కోడలివి, తెలియకుండా నీ చేత పెట్టించడం తప్పు, తెలిసి పెట్టుకుంటే పెట్టుకో, లేకపోతే మానెయ్యి అంది."

"నువ్వేమన్నావు?"

"నువ్వు గుక్కపట్టి ఏడుస్తున్నావు. ఏమంటాను? ఇలా ఇవ్వండి అన్నాను."

తెల్లవారాక, పూజ మొదలవడానికి ముందు, అమ్మ మా మరదల్ని వెనక గదిలోకి పిలిచి, తలుపు దగ్గరకి వేసింది. లోపల ఏం మాట్లాడుకున్నారో నేను వినలేదు, వినాల్సిన అవసరమూ లేదు. చాలాసేపటికి మరదలు బయటికొచ్చింది. కళ్ళు కాస్త ఎర్రగా ఉన్నాయి. చేతిలో వెండి దోనె ఉంది. నా దగ్గరికొచ్చి, "వదినా, పాయసం చల్లారిందేమో చూడండి" అంది.

పిల్ల దోనె కొస నోట్లో పెట్టుకుని వదల్లేదు. అందరూ నవ్వారు.

సందడి అంతా అయ్యాక అమ్మ అలవాటుగా చింతపండు తీసుకుని పెరట్లోకి బయల్దేరింది. నేను వెంటపడ్డాను.

"అమ్మా, ముద్రలున్నవైపు గట్టిగా రుద్దకు. అరిగిపోతున్నాయి."

"ఏవైపు?"

"రెండు వైపులా" అన్నాను.